మణులూ, మహిమలూ, మారకాలూ

మన అద్భుత కథల్లో రాళ్లకు రెండు ఉద్యోగాలు. ఒకటి మహిమ చూపించడం, రెండవది మారకంగా చెల్లడం. మాంత్రికుడి ఉంగరంలో వుండే రాయి మొదటి రకం. రాజుగారు మెచ్చి మెడలోంచి తీసి ఇచ్చే హారంలో వుండే రాళ్లు రెండో రకం. పైకి చూస్తే రెండూ ఒకటే. కెంపయితే రెండూ కెంపులే, పచ్చయితే రెండూ పచ్చలే. కాని కథలో వాటి బతుకులు వేరు. మొదటి రాయిని ఎవరూ అంగట్లో పెట్టరు, రెండో రాయిని ఎవరూ పూజగదిలో పెట్టరు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని మన కథకులు ఎంతవరకు నిలబెట్టుకున్నారు, ఎక్కడ జారవిడిచారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నాం. మాది వైద్యవృత్తి, సాహిత్యం కాదు. అయినా రోగి చెప్పే కథను వినడమే మా పనిలో సగం గనుక, కథలో ఎక్కడ నొప్పి వుందో తడిమి చూసే అలవాటు మాకు కొంత వుంది.

కువైట్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనకు ఈ రాళ్ల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. ఇద్దరి కోసం. మొదటిది మన పిల్లల కోసం. వాళ్లకు అద్భుత కథలు మూడు దారుల్లో వస్తున్నాయి. వినాయక చవితినాడు అక్షింతలు చేతిలో పట్టుకుని వినే కథ ఒకటి, సెలవురోజున పెద్దవాళ్లతో కూర్చుని చూసే పాత తెలుగు సినిమా ఒకటి, ఇంగ్లీషు పుస్తకాలూ ఆటలూ ఒకటి. మూడింట్లోనూ మణులూ బంగారమూ వున్నాయి. రెండవది మన వూరివాళ్ల కోసం. వాళ్ల దృష్టిలో మనమే ఒక అద్భుతకథలో పాత్రలం. గల్ఫ్ అనగానే వాళ్ల కళ్లముందు కదిలేది బంగారం. ఆ బంగారం ఎలా వస్తుందన్నది ఆ కథలో వుండదు.

మొదట మహిమగల రాయి సంగతి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ నడిచేది ఒక మణి మీద. కాశీకి పోతున్న మణిసిద్ధుడికి తోడుగా వచ్చిన గోపకుమారుడు ప్రతి మజిలీలోనూ ఏదో ఒక వింత చూసి వచ్చి దాని వృత్తాంతం చెప్పమంటాడు. మణిసిద్ధుడు తన దగ్గరున్న మణి ప్రభావంతో ఆ సంగతంతా తెలుసుకుని చెబుతాడు. అంతే, ఆ మణి పని కథలు చెప్పించడం. దాని ఖరీదెంత, అది వజ్రమా వైడూర్యమా, దొంగలు పట్టుకుపోతే ఏం గతి అన్న ప్రశ్నలు రానే రావు. దాన్ని అమ్మితే కాశీకి నడిచిపోనక్కరలేదు, పల్లకీలో పోవచ్చు. ఆ ఆలోచన ఎవరికీ తట్టదు. మాయాబజార్ సినిమాలో ప్రియదర్శిని పేటిక కూడా అలాంటిదే. అది ఎంతకు చేయించారని ఎవరూ అడగరు. అడిగితే మహిమ పోతుంది.

ఈ కట్టుబాటును బాగా పాటించిన కథ మన పొరుగు అరబ్బు దేశాల పేరుతో లోకానికి చేరిన అల్లావుద్దీన్ కథ. గుహలో అల్లావుద్దీన్‌కు దొరికినవి రెండు: దీపమూ, చెట్లకు కాసిన రత్నాలూ. రత్నాలు పళ్లేలలో సుల్తాన్‌కు కానుకగా పోతాయి, అంటే మారకానికి పోతాయి. దీపం ఇంట్లో వుంటుంది. కథ తలకిందులయ్యేది ఎప్పుడు? పాత దీపాలకు కొత్త దీపాలిస్తానంటూ ఒకడు వీధిలోకి వచ్చినప్పుడు. మహిమగల వస్తువు ఒక్కసారి బజారు బేరంలోకి దిగిందంటే యజమాని చేతిలోంచి జారిపోయిందన్నమాట. కథ చెప్పినవాడు అర్థశాస్త్రం చదివివుండడు గాని, కొన్ని వస్తువులు బేరానికి పెట్టకూడదన్న సంగతి అతనికి బాగా తెలుసు.

ఇక మన పాతాళభైరవి (1951). విజయా వారి చిత్రం, కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. దాని కథకు మూలం కాశీమజిలీ కథల్లోనే వుందంటారు. తోటరాముడు తోటమాలి కొడుకు, రాజకుమారిని ప్రేమించాడు. తనతో సమానమైన ఐశ్వర్యం సంపాదించుకు వస్తే పిల్లనిస్తానన్నాడు రాజు. నేపాళ మాంత్రికుడి దగ్గరనుంచి సాహసంతో బొమ్మను సంపాదించి, అడిగిందే తడవుగా మేడలూ మణిమాణిక్యాలూ తెప్పించాడు రాముడు. ఎస్.వి. రంగారావు నటన, మార్కస్ బార్ట్లే కెమెరా, ఘంటసాల సంగీతం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, ఇన్నేళ్లయినా వన్నె తగ్గలేదు. మా విమర్శ ఒక్కటే. రాజు పెట్టిన షరతు అన్యాయమని సినిమాకు తెలుసు. డబ్బును బట్టి మనిషిని కొలవడం తప్పని ప్రేక్షకుడికీ తెలుసు. అయినా కథ ఆ షరతును ఎదిరించలేదు, తీర్చిపెట్టింది. రాముడి మంచితనానికి దక్కని పిల్ల మేడకు దక్కింది. ఆ మేడలో ఒక్క ఇటుకను ఎవరు మోశారో లేదు, ఒక్క రత్నాన్ని ఎవరు తవ్వారో లేదు. రాజు కూడా అడగలేదు. తనతో సమానమైన లెక్క కనబడింది, చాలు. అయితే రెండో సగంలో కథ కొంత తెలివి తెచ్చుకుంటుంది. రెప్పపాటులో వచ్చిన సిరి రెప్పపాటులో పోతుంది. పిల్లా మేడా మాంత్రికుడి పాలయ్యాక రాముడు గెలిచేది ధైర్యంతో, అంజిగాడి తోడుతో, వాడి తెలివితో. అందుచేత ఆ సినిమాను మేము పిల్లలకు చూపిస్తాం. చూపించి, రాజు అడిగిన ప్రశ్న సరైనదేనా అని వాళ్లను అడుగుతాం.

ఈ రెండు ఉద్యోగాలనూ ఒకే రాయికి కట్టబెట్టిన కథ మనకు ఒకటుంది. ప్రతి ఏడూ మనమంతా విని, అక్షింతలు నెత్తిన వేసుకుని, ఉండ్రాళ్లు తిని మరిచిపోతున్న కథ. అదే శమంతకమణి. దాని మహిమ: అది పూజలందుకునే చోట కరువుండదు, రోగముండదు, పాముకాటు వుండదు. దాని మారకం: రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. ఒక పక్క మందు, ఒక పక్క టంకశాల.

ఎనిమిది బారువులంటే ఎంత? బారువు కొలత అన్నిచోట్లా ఒకటి కాదు. తక్కువ లెక్క కట్టినవాళ్లకు ఎనిమిది బారువులూ కలిపి డెబ్బై ఎనభై కిలోల దాకా వస్తాయి. ఎక్కువ లెక్కన ఆరువందల కిలోలు దాటుతాయి. తక్కువ లెక్కే తీసుకుందాం. ఏడాదికి 28 టన్నులు. కువైట్ కేంద్ర బ్యాంకు దగ్గరున్న బంగారం నిల్వ సుమారు 79 టన్నులని పుస్తకాలు చెబుతున్నాయి. అంటే సత్రాజిత్తు ఇంట్లోని ఒక్క రాయి మూడేళ్లు తిరక్కుండా ఈ దేశపు నిల్వను దాటిపోతుందన్నమాట. అంత బంగారం బయటికొస్తే ఏమవుతుందో చరిత్రలో ఒక దాఖలా వుంది. 1324లో మాలి దేశపు రాజు మన్సా మూసా మక్కా యాత్రకు పోతూ కైరోలో బంగారం వెదజల్లాడు. దాంతో అక్కడ బంగారం విలువ పడిపోయి, పన్నెండేళ్ల తర్వాత కూడా కోలుకోలేదని అల్ ఉమరీ రాశాడు.

మరి ద్వారకలో ధరలు పెరగలేదేం? కథను జాగ్రత్తగా చదివితే జవాబు అందులోనే వుంది. సత్రాజిత్తు ఆ బంగారాన్ని ఖర్చుపెట్టిన జాడ ఎక్కడా కనిపించదు. మణి పూజగదిలో వుంది, బంగారం ఇంట్లో వుంది. బయటికి రాని బంగారం డబ్బు కాదు, వట్టి బరువు. ఆ మణిని ఉగ్రసేన మహారాజుకు ఇమ్మని కృష్ణుడు అడిగిన మాటను మేము ఈ వెలుగులో చూస్తున్నాం. కరువునూ రోగాన్నీ పోగొట్టే వస్తువు ఊరందరిదీ కావాలి గాని ఒక ఇంటిది కారాదు. సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. ఇవ్వననడం అతని హక్కే. కాని ఆ క్షణంనుంచి కథలో మహిమ వెనక్కిపోయి మారకం ముందుకొస్తుంది. తమ్ముడు ప్రసేనుడు దాన్ని మెడలో వేసుకుని వేటకు పోయాడు, అంటే నగ చేసుకున్నాడు. సింహం చంపింది. సింహాన్ని జాంబవంతుడు చంపాడు. ఊళ్లో మాత్రం కృష్ణుడే చంపి మణి కాజేశాడన్న మాట పుట్టింది. అడిగినవాడే దొంగ అనుకోవడం డబ్బున్న చోట సహజం.

ఇక్కడ కథకుడు చేసిన పనికి మేము చేతులెత్తి దండం పెడతాం. అంతమంది ప్రాణాలు తీసిన మణి జాంబవంతుడి గుహలో ఏం చేస్తోంది? పసిపిల్లవాడి ఊయలకు వేళ్లాడుతోంది. భల్లూకానికి బంగారంతో పని లేదు, పూజతో పని లేదు. తళతళలాడుతోంది గనుక పిల్లవాడు ఏడుపు మానతాడు. రాయికి మూడో ఉద్యోగం దొరికింది, ఆటబొమ్మ. కథ మొత్తంలో ఆ మణివల్ల ఎవరికీ చెడు జరగని చోటు అదొక్కటే, బయటివాడు వెతుక్కుంటూ వచ్చేవరకు. ఇరవైయెనిమిది రోజుల యుద్ధం తర్వాత కృష్ణుడు మణిని తెచ్చి సత్రాజిత్తుకే ఇచ్చేశాడు. సిగ్గుపడిన సత్రాజిత్తు సత్యభామనూ మణినీ ఇవ్వబోతే, మణి మాత్రం వద్దన్నాడు. మనం వ్రతకథను ఇక్కడ ఆపేస్తాం. భాగవతం ఆపదు. శతధన్వుడు నిద్రపోతున్న సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకుపోతాడు. దాన్ని అక్రూరుడి దగ్గర దాచి పారిపోతాడు. కృష్ణుడు వాణ్ణి తరిమి చంపితే మణి దొరకదు. అప్పుడు స్వయంగా బలరాముడే తమ్ముణ్ణి అనుమానించి మిథిలకు వెళ్లిపోతాడు. మొదటిసారి ఊరు అనుమానించింది, రెండోసారి ఇల్లు అనుమానించింది. కరువూ రోగమూ పోగొట్టే మణి అన్నదమ్ముల మధ్య అనుమానాన్ని మాత్రం పోగొట్టలేకపోయింది. ఈ రెండో సగం మన ఇళ్లలో చదవకపోవడం పెద్ద లోటని మా అభిప్రాయం. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇంటి వాటాల దగ్గర మాటలు మానేసిన అన్నదమ్ములు మనలో ఎందరున్నారో ఎవరికి వారే లెక్కవేసుకోవచ్చు.

శమంతకమణికి చెల్లెలు పరుసవేది. ఇనుమును తాకిస్తే బంగారమవుతుంది. కొండవీటి రెడ్డిరాజుల సంపదకు మూలం పరుసవేది అని చెప్పే కథ ఒకటి మనవాళ్లలో చాలాకాలంగా వుంది. వినడానికి బాగానే వుంటుంది. కాని ఆ సంపద ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యం రాతిమీదే వుంది, అది మోటుపల్లి శాసనం. 1358లో అనపోతారెడ్డి మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు పన్నుల్లో రాయితీలిచ్చి, వాళ్ల సరుకుకు అభయమిచ్చాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఆ కాలపు పెద్ద వర్తకుడు. అతను తెప్పించే సరుకుల వరసలో హురుమంజి గుర్రాలు కూడా వున్నాయి. హురుమంజి అంటే మరెక్కడో కాదు, మన ఓడలు ఈనాటికీ దాటివచ్చే హోర్ముజ్. అంటే మన తెలుగుదేశానికీ ఈ సముద్రానికీ ఆరువందల ఏళ్లకు పైబడిన వ్యాపారబంధం వుంది. ఓడలు నడిపినవాళ్లూ, మూటలు మోసినవాళ్లూ, తుఫానులో పోయినవాళ్లూ అందరూ కలిసి తెచ్చిన సిరిని పరుసవేది కథ ఒక రాతి ఖాతాలో జమకట్టింది. ఆ కథమీద మా ఫిర్యాదు అదే. అబద్ధమైనందుకు కాదు, అద్భుత కథలన్నీ అబద్ధాలే. మనుషుల కష్టాన్ని చెరిపేసినందుకు.

ఇదే విషయాన్ని నిజాయితీగా పట్టుకున్న సినిమా యోగి వేమన (1947). దర్శకుడు ఆ కె.వి. రెడ్డి గారే, వేమన పాత్ర నాగయ్యగారిది. బంగారం చేసే విద్య వెంటపడి వేమన తిరుగుతున్న కాలంలో, ఇంట్లో ప్రాణంగా చూసుకునే అన్నకూతురు జ్యోతి జబ్బుచేసి చనిపోతుంది. ఆ చావుముందు బంగారం దేనికీ కొరగాదు. ఒకే దర్శకుడు నాలుగేళ్ల తేడాలో రెండు సినిమాలు తీశాడు. ఒకదానిలో అడిగినంత సిరి వచ్చి హీరో పెళ్లికి అడ్డు తొలగించింది. రెండోదానిలో బంగారం రావడానికి పట్టిన కాలమే దాని ధర అయింది. జనం మొదటిదాన్ని ఎక్కువ చూశారు. మేము మాత్రం, ఇంట్లో పిల్లలను వదిలి ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న తల్లులను రోజూ చూస్తున్నాం గనుక, రెండోదే పెద్ద సినిమా అంటాం. కడప, రాజంపేట, రాయచోటి వైపులనుంచీ, గోదావరి జిల్లాలనుంచీ ఇళ్లలో పనికి వచ్చిన ఆ ఆడవాళ్లు చేయించుకునే నాలుగు గాజులు ఏ పరుసవేదీ ఇచ్చినవి కావు.

ఇంగ్లీషు కథల్లో ఈ సమస్యను ఎలా తీర్చారో చూడటం కూడా మంచిదే. టోల్కీన్ రాసిన హాబిట్ (1937) మన పిల్లలు చాలామంది చదివారు. అందులో కొండగర్భంలో దొరికిన ఆర్కెన్‌స్టోన్ అనే మణి వుంది. శమంతకంలా అది బంగారం ఈనదు, రోగాలు పోగొట్టదు. అందంగా వుంటుంది, వంశగౌరవానికి గుర్తు, అంతే. అయినా దానికోసం మరుగుజ్జుల రాజు అయినవాళ్లతోనే యుద్ధానికి సిద్ధపడతాడు. బిల్బో అనే చిన్నవాడు దాన్ని దొంగచాటుగా ఎదుటి పక్షానికి ఇచ్చి రాజీకి దారి చూస్తాడు. చివరికి ఆ మణి చనిపోయిన రాజు గుండెలమీద సమాధిలోకి పోతుంది. మణిని తిరిగి భూమికి అప్పజెప్పడంతో కథ ముగియడం మాకు నచ్చింది. కృష్ణుడు మణి వద్దనడమూ, బిల్బో మణిని వదులుకోవడమూ ఒకే గుణానికి రెండు రూపాలు.

దీనికి పూర్తిగా ఎదురు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. 1974లో అమెరికాలో పుట్టింది. పెద్దపిల్లలు చాలామంది దీని వలలో వున్నారు. అందులో రాగి, వెండి, బంగారం, ప్లాటినం నాణేలుంటాయి. పది వెండి ఒక బంగారం, పది బంగారం ఒక ప్లాటినం. మన లోకంలో వెండికీ బంగారానికీ నడుమ లెక్క ఎన్నడూ అంత గుండ్రంగా నిలబడలేదు. అది ఆట సౌకర్యం అనుకుందాం. అసలు విచిత్రం మరొకటి. చనిపోయినవాణ్ణి బతికించే ఒక మంత్రానికి అయిదువందల బంగారు నాణేల విలువచేసే వజ్రం కావాలి, ఆ వజ్రం మంత్రంలో కరిగిపోతుంది. బరువు ఇంత వుండాలని కాదు, స్వచ్ఛత ఇంత వుండాలని కాదు, ధర ఇంత వుండాలని! మరి వజ్రాల ధర సగానికి పడిపోతే ప్రాణం లేవడానికి రెండు వజ్రాలు కావాలా? బేరమాడి చవగ్గా కొన్న వజ్రంతో శవం సగమే లేస్తుందా? మన పాతకథల్లో మహిమ అంగడికి బయట వుండేది. ఈ ఆటలో మహిమ అంగడి ధరను చూసి పనిచేస్తుంది. నవ్వులాటకు అన్నా, ఇందులో ఒక చేదునిజం లేకపోలేదు. ఏ దేశంలోనైనా ఆస్పత్రి బిల్లు కట్టినవాళ్లకు ప్రాణానికి ధర వుంటుందన్న సంగతి కొత్త కాదు. మన కథలు దాచిన నిజాన్ని ఆ ఆట అనుకోకుండా బయటపెట్టింది.

అంగట్లోకి వచ్చిన రాయికి మహిమ పోతుందన్నాం. నిజలోకంలో దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనులుండేవి, ఇప్పుడా ప్రాంతం పులిచింతల జలాశయం కింద వుంది. అక్కడ అరవైవేల మంది మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు పనిచేసేవారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. అతను మన దేశం నుంచి పట్టుకుపోయి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలివజ్రమే తర్వాత చెక్కుళ్లు మారి హోప్ వజ్రం అయింది. దానికి శాపం వుందన్న కథ ఎప్పటిది? కొల్లూరు కాలంనాటిది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పత్రికలు అల్లితే, 1911 ప్రాంతంలో దాన్ని ఒక అమెరికా సంపన్నురాలికి అమ్మజూపిన పారిస్ నగల వర్తకుడు కార్టియే ఆ కథకు మెరుగులు దిద్దాడు. మహిమ గనిలో పుట్టలేదు, దుకాణంలో పుట్టింది. 1958లో ఆ వజ్రం వాషింగ్టన్‌లోని మ్యూజియానికి మామూలు రిజిస్టరు పోస్టులో వెళ్లింది. శాపం గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి. ఆ అరవైవేల మందిలో ఒక్కరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు. కోహినూరే శమంతకమణి అని మనలో కొందరు గర్వంగా చెప్పుకుంటారు, దానికి ఆధారం లేదు. కాని ఆ గర్వంలో కూడా తవ్వినవాళ్లు లేరు సుమా.

మనం వుంటున్న ఈ కువైట్ కూడా ఒక మణి కథే. నూనె దొరక్కముందు ఈ ఊరు ముత్యాలమీద బతికింది. మన ఇళ్లలో అమ్మమ్మలు గొప్పగా చెప్పుకునే బసరా ముత్యాలు ఈ సముద్రంలో పుట్టినవే, బసరా బజారు పేరు పెట్టుకుని బొంబాయి మీదుగా హైదరాబాదు చేరాయి. ముత్యం ఖనిజమా అని అడిగేవారికి: గవ్వజీవి తన చిప్పలో పేర్చుకున్న సున్నపు పదార్థమది. మునిగేవాడు కాలికి బరువు రాయి తగిలించుకుని, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుక్కి పోయేవాడు. కర్ణభేరులు పగిలేవి, కళ్లు పోయేవి. వేసవిలో నెలల తరబడి మునిగినా నఖోదా దగ్గర తీసుకున్న అప్పు చాలామందికి తీరేది కాదు. జపాన్‌లో పెంపుడు ముత్యాలు తయారై, 1930 దశకపు ఆర్థికమాంద్యం తోడయ్యేసరికి ఆ వ్యాపారం కుప్పకూలింది. ముత్యం మెరుపు ఏమీ తగ్గలేదు. తగ్గింది అరుదుదనం. 1938లో బుర్గాన్‌లో నూనె పడింది, 1946లో మొదటి ఓడ ఎగుమతికి కదిలింది. ఖనిజం మారింది.

డబ్బు సంగతీ అంతే. 1961 దాకా ఈ దేశంలో చెల్లింది మన రూపాయే. ఇక్కడినుంచి మన దేశానికి బంగారం దొంగతనంగా పోయి, దానికి బదులు రూపాయలు ఇటు వచ్చి మన విదేశీ మారకద్రవ్యం హరించుకుపోతుంటే, 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు అచ్చువేసింది. 1961 ఏప్రిల్ ఒకటిన దినార్ వచ్చింది, ఒక దినార్‌కు పదమూడు రూపాయల చిల్లర. 1990లో ఇరాక్ సైన్యాలు వచ్చినప్పుడు కేంద్ర బ్యాంకు బంగారమూ నోట్లూ బాగ్దాదుకు పోయాయి. బంగారం 1991లో తిరిగివచ్చింది. పాత నోట్లు రద్దయ్యాయి. నిన్న అన్నీ కొనగలిగిన కాగితం ఇవాళ వట్టి కాగితమైంది. ఏ మాంత్రికుడూ ఇంతకంటె గొప్ప మాయ చేయలేడు. డబ్బులోని మహిమ లోహంలోనూ లేదు, కాగితంలోనూ లేదు, దాన్ని పుచ్చుకునే ఎదుటివాడి నమ్మకంలో వుంది. ఈ మాటను మన అద్భుతకథల్లో ఒక్కటీ చెప్పలేదు. ఇకమీదట రాసేవాళ్లయినా చెప్పాలి.

చివరగా మా వృత్తికి సంబంధించిన మాట. కథలోని రాయి కథలోనే వుంటే మాకు ఏ అభ్యంతరమూ లేదు. అది పుస్తకం దాటి బయటికి వచ్చినప్పుడే మా దగ్గరకు చేరుతుంది. మన కథల్లో అవమానం పాలైనవాళ్లు ఉంగరంలో వజ్రం మింగి చనిపోతారు. వజ్రం వట్టి కర్బనం, కడుపులో కరగదు, విషం కాదు. ఆ నమ్మకం వల్ల పెద్ద నష్టం లేదు. కాని పాము పడగమీద నాగమణి వుంటుందనీ, విషం పీల్చే రాయి వుంటుందనీ నమ్మడం వల్ల నష్టం వుంది. ఆ నల్లరాయి చాలాచోట్ల కాల్చిన ఎముక ముక్కే. అది విషం పీల్చదు, విలువైన గంటలను పీలుస్తుంది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పన్నెండు లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. ఆంధ్ర పల్లెలు కూడా ఆ లెక్కలో వున్నాయి. శమంతకం పాముకాటును ఆపుతుందన్నది కవి సమయం. ఆస్పత్రిలో విరుగుడు మందు ఆపుతుందన్నది నిజం.

భస్మాల విషయం ఇంకా సున్నితమైనది. పాదరసాన్నీ, సీసాన్నీ, బంగారాన్నీ మందుగా మార్చాలని మన రసవాదులు శతాబ్దాల పాటు శ్రమించారు. వాళ్ల కృషిలో రసాయనశాస్త్రపు తొలి అడుగులు వున్నాయి, అందుకు గౌరవించాలి. కాని గౌరవం వేరు, మింగడం వేరు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, పాషాణం వంటివి కనిపించాయని 2004లో ఒక వైద్యపత్రిక ప్రకటించింది. కడుపు మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తహీనత మూడూ కలిసి వచ్చిన మనవాణ్ణి మేము మొదట అడిగేది, వూరినుంచి పొట్లాలేమైనా తెచ్చుకున్నావా నాయనా అని. ఖనిజానికి మహిమ వుందని నమ్మి తీసుకునేవాళ్లు చదువురానివాళ్లే కారు, ఇంజనీర్లూ వున్నారు.

కథలు సరదాకు గదా, వాటికి కూడా ఆడిట్లూ ఎక్స్‌రేలూ ఎందుకు అని ఎవరైనా అంటే, ఆ మాటలో న్యాయం వుందని మేము ఒప్పుకుంటాం. మణిసిద్ధుడి మణిని ప్రయోగశాలకు పంపమని మేము అనం. మణికి మహిమ వుంటే వుండనివ్వండి. మేము అడిగేది కథ తన ధరను తాను దాచుకోకూడదని. శమంతకోపాఖ్యానం దాచుకోలేదు, మణి ఏయే ఇళ్ల మీదుగా పోయిందో, ఒక్కో ఇంట్లో ఏం పోయిందో వరసగా చెప్పింది. యోగి వేమన దాచుకోలేదు. పరుసవేది కథ దాచుకుంది. పాతాళభైరవి సగం దాచుకుని సగం చెప్పింది. మంచి అద్భుతకథకూ చౌకబారు అద్భుతకథకూ తేడా తెలుసుకోవడానికి ఇంతకంటె సులువైన గీటురాయి మాకు కనబడలేదు.

కనుక ఈసారి వినాయక చవితికి శమంతకమణి కథను సత్యభామ పెళ్లి దగ్గర ఆపకుండా, అక్రూరుడి దాకా, బలరాముడి అలక దాకా పిల్లలకు చెప్పమని సభ్యులను కోరుతున్నాం. ఊళ్లో తమ్ముడో బావమరిదో కువైట్‌లో బంగారం చవకట గదా అని అడిగినప్పుడు, గ్రాము ధరతో బాటు మన పని గంటలు కూడా చెప్పమని కోరుతున్నాం. ఆ రెండో అంకె వింటే వాళ్లకు కొంత బాధ కలగవచ్చు. కలిగినా ఫరవాలేదు.